సంతకం పెట్టే ముందు



పోయిన నెల మా వదిన సిరుగుప్ప నుంచి బళ్లారిలోని మా ఇంటికి వచ్చింది. సంచిలోంచి నాలుగు పేజీల కాగితం తీసి, "నువ్వు టీచరువి కదమ్మా, ఇందులో ఏముందో కాస్త చదివి చెప్పు" అంది. అది బెంగళూరులోని ఒక ఆసుపత్రి వారి అంగీకార పత్రం. మా వదినకు తెలుగూ కన్నడమూ బాగా వచ్చు గానీ, ఆ కాగితమంతా ఇంగ్లీషు. రెండు సిజేరియన్ల తర్వాత జారిపోయిన పొట్టను సరిచేసే ఆపరేషన్ కోసం ఆ సంతకం. దీన్నే టమ్మీ టక్ అంటున్నారు. పెళ్ళికి వెళ్ళినా పేరంటానికి వెళ్ళినా "ఎన్నో నెల?" అని ఎవరో ఒకరు అడుగుతూ ఉంటే ఆమె ఎంత నొచ్చుకుందో నాకు తెలుసు. అందుకే వద్దనలేదు. ఇద్దరం కూర్చుని ఆ కాగితం వాక్యం వాక్యం చదువుకున్నాం. అందులో తెలిసిన సంగతులే ఈ పూట మీకు చెబుతాను.

ముందుగా, ఇది బరువు తగ్గించే ఆపరేషన్ కాదు. సన్నటి గొట్టంతో కొవ్వు లాగే లైపోసక్షన్ వేరు, ఇది వేరు. కాన్పులలో పొట్ట మధ్య కండరాలు రెండు పక్కలకూ విడిపోతాయి, చర్మం సాగిపోతుంది. టమ్మీ టక్‌లో పొత్తికడుపు కింద ఒక తుంటి నుంచి రెండో తుంటి దాకా కోసి, కండరాలను దగ్గరకు లాగి కుట్టి, మిగిలిన చర్మాన్ని తీసేస్తారు. బొడ్డును కొత్త చోట అమరుస్తారు. పేగుల చుట్టూ లోపల పేరుకున్న కొవ్వు మాత్రం అలాగే ఉంటుంది. కాబట్టి బరువు తగ్గాలనుకునేవారు ముందే తగ్గి, కొన్ని నెలలు నిలకడగా ఉన్నాకే దీని గురించి ఆలోచించాలి. ఇక పిల్లలు వద్దని తేల్చుకున్నాకే చేయించుకోవడం మేలు. మళ్ళీ గర్భం వస్తే కుట్టిన కండరాలు తిరిగి సాగవచ్చు.

రెండో సంగతి, ఇది చిన్న పని కాదు. పూర్తి మత్తు ఇచ్చి, కొన్ని గంటలసేపు చేస్తారు. లోపల చేరే నీరు బయటికి రావడానికి గొట్టాలు పెట్టవచ్చు. మొదటి వారం నడుము వంచి నడవాలి. చాలా వారాలు బిగుతైన బెల్టు కట్టుకోవాలి. దాదాపు ఆరు వారాలు నీళ్ళ బిందె ఎత్తకూడదు, చంటిబిడ్డను ఎత్తుకోకూడదు. మచ్చ వెలిసిపోతుందే గానీ పూర్తిగా పోదు. బొడ్డు కింద స్పర్శ నెలల తరబడి ఉండకపోవచ్చు.

మూడోది ప్రమాదాలు. గాయంలో చీము పట్టడం, నీరు చేరడం, చర్మం అంచులు నల్లబడి చచ్చిపోవడం ఉన్నాయి. వీటన్నిటికంటే భయపడవలసింది కాళ్ళ నరాలలో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తులకు చేరడం. అది ప్రాణం మీదికి తెస్తుంది. 2022 మే నెలలో బెంగళూరులో ఒక యువ కన్నడ టీవీ నటి కొవ్వు తీసే ఆపరేషన్ చేయించుకున్న తర్వాత మరణించిన వార్త మీలో చాలామంది వినే ఉంటారు. అది వేరే ఆపరేషనే కావచ్చు. కానీ అందం కోసం చేసేది కూడా ఆపరేషనే అన్న సంగతి మరచిపోకూడదు.

బీడీ, సిగరెట్టు, గుట్కా, పొగాకు ఏదైనా సరే గాయానికి చేరే రక్తాన్ని తగ్గిస్తుంది. కనీసం నాలుగు వారాల ముందే మానాలి. చక్కెర జబ్బు, రక్తపోటు, రక్తం పలచబడే మందులు, గర్భనిరోధక మాత్రలు, నాటు మందులు, ఏవి ఉన్నా డాక్టరుకు దాచకుండా చెప్పండి. మీ అంతట మీరు ఏ మందూ ఆపవద్దు.

ఇక అడగవలసిన ప్రశ్నలు. కత్తి పట్టే డాక్టరు ప్లాస్టిక్ సర్జరీలో ఎం.సి.హెచ్. గానీ డి.ఎన్.బి. గానీ చదివారా? మత్తు డాక్టరు చివరిదాకా ఉంటారా? ఐ.సి.యు. అక్కడే ఉందా? నా పొట్టలో హెర్నియా ఉందేమో చూశారా? ఆపరేషన్ లేకుండా వ్యాయామంతో సర్దుకుంటుందా? మొత్తం ఖర్చు ఎంత? అందం కోసం చేసే ఆపరేషన్‌కు ఆరోగ్య బీమా సాధారణంగా వర్తించదు. ఇంకొకటి మన ఊళ్ళవారికి ముఖ్యం. బెంగళూరు నుంచి మనకు సుమారు 300 కిలోమీటర్లు. అంతసేపు కదలకుండా బస్సులో కూర్చుంటే రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. ఎన్నాళ్ళకు ప్రయాణం చేయవచ్చో, ఇక్కడ కుట్లు ఎవరు చూస్తారో ముందే అడగండి. ఇంటికొచ్చాక ఒక కాలు వాచి నొప్పి పుట్టినా, ఆయాసమో గుండెలో నొప్పో వచ్చినా తెల్లవారేదాకా ఆగకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి.

ఇలా అడిగితే డాక్టరు కోప్పడతారేమోనని జంకవద్దు. చికిత్స ఏమిటో, లాభమేమిటో, ప్రమాదమేమిటో, వేరే మార్గమేమిటో రోగికి వివరించాకే తీసుకున్న అంగీకారం చెల్లుతుందని 2008 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఇంగ్లీషు రాకపోవడం మన తప్పు కాదు. "నాకు తెలిసిన భాషలో చెప్పండి" అని అడగడం మన హక్కు.

మా వదిన ఆ ప్రశ్నలన్నీ కాగితం మీద తెలుగులో రాసుకుని ఇంకొక డాక్టరు దగ్గరికి వెళ్ళింది. ఆయన ఓపికగా కన్నడంలో జవాబులు చెప్పి, రక్తం పరీక్ష చేయించారు. చక్కెర ఎక్కువగా ఉంది. మొదటి ఆసుపత్రిలో ఆ మాటే ఎవరూ అడగలేదు. "ముందు దీన్ని దారికి తెచ్చుకోమ్మా, తర్వాత చూద్దాం" అన్నారాయన. ఆమె ఇప్పుడు రోజూ పొద్దున్నే నడుస్తోంది. ఆపరేషన్ చేయించుకుంటుందో మానుతుందో ఆమె ఇష్టం. సంతకం మాత్రం ఈసారి తెలిసి పెడుతుంది.