వేగం కాదు, నిలకడే పరీక్ష

ప్రాసెసర్‌ను ఓవర్‌క్లాక్ చేయడం తేలికే. ఉక్కు నగరపు వేసవిలోనూ అది తప్పు లెక్క చెప్పకుండా చూడటమే కష్టం

జంషెడ్‌పూర్‌లో జనవరిలో నెగ్గిన ఓవర్‌క్లాక్ మే నెలలో ఓడిపోవచ్చు. ప్రాసెసర్ అదే, వోల్టేజీ అదే, ఫ్యానూ అదే. మారేది గది ఉష్ణోగ్రత ఒక్కటే. చలికాలంలో 20 డిగ్రీలున్న గది వేసవిలో 38 డిగ్రీలకు చేరితే, అదే పని చేస్తున్న ప్రాసెసర్ వేడి కూడా ఇంచుమించు ఆ 18 డిగ్రీలూ పెరుగుతుంది. అప్పుడు 78 దగ్గర ఆగినది ఇప్పుడు 96ను తాకుతుంది. నేటి డెస్క్‌టాప్ ప్రాసెసర్లు చాలావరకు 95-100 డిగ్రీల దగ్గర తమంతట తామే వేగం తగ్గించుకుంటాయి. కష్టపడి సంపాదించిన అదనపు వేగం అక్కడితో సరి.

1912లో తొలి ఉక్కు దిమ్మెను పోతపోసిన ఈ ఊరికి వేడిని అదుపులో పెట్టడం కొత్త విద్యేమీ కాదు. టాటా కర్మాగారంలో పనికోసం ఉత్తరాంధ్ర నుంచి తరలివచ్చిన తెలుగు కుటుంబాలకూ కొలిమి సంగతి తరాలుగా తెలుసు. కాకపోతే కొలిమికి వేడి ప్రాణం, చిప్‌కు అదే శత్రువు.

ఒకప్పుడు ఓవర్‌క్లాకింగ్ అంటే పేదవాడి వరం. 1998లో వచ్చిన ఇంటెల్ సెలెరాన్ 300ఏ ఇందుకు పెట్టింది పేరు. మదర్‌బోర్డు బస్ వేగాన్ని 66 నుంచి 100 మెగాహెర్ట్జ్‌కు మారిస్తే చాలు, 300 మెగాహెర్ట్జ్ చిప్ 450 మీద పరుగెత్తేది. చవక సరుకుతో ఖరీదైన పెంటియం స్థాయి వేగం! ఇప్పుడంత మిగులు లేదు. కొత్త ప్రాసెసర్లు అవసరాన్ని బట్టి టర్బో పద్ధతిలో తమ హద్దు దాకా తామే పరుగెడతాయి. పైగా ఇంటెల్ ప్రధానంగా పేరులో 'కె' అక్షరమున్న రకాలకే తాళం తీసి ఇస్తుంది. ఏఎండీ రైజెన్లలో మాత్రం చాలావాటికి ఆ తాళం లేదు.

అసలు చిక్కు వోల్టేజీతో వస్తుంది. విద్యుత్ వాడకం వేగానికి అనులోమంగా, వోల్టేజీకి వర్గంగా పెరుగుతుంది. వేగాన్ని 10 శాతం పెంచి, అందుకోసం వోల్టేజీని 1.20 నుంచి 1.35కు తీసుకెళితే చిప్ వాడకం సుమారు 39 శాతం ఎక్కువవుతుంది. అదంతా వేడిగానే బయటపడుతుంది. అందుకే అనుభవజ్ఞులు బయోస్‌లో వేగాన్ని ఒక్కసారిగా కాక 100 మెగాహెర్ట్జ్ చొప్పున పెంచుతారు. ప్రతి మెట్టులో పరీక్ష పెడతారు. తడబడితే వోల్టేజీని వోల్టులో వందో వంతు చొప్పున పెంచి చూస్తారు. ఉష్ణోగ్రత ఎక్కడ హద్దు దాటుతుందో కనిపెట్టి ఒక మెట్టు కిందికి దిగుతారు.

విండోస్ తెరుచుకున్నంత మాత్రాన నిలకడ వచ్చినట్లు కాదు. నీలి తెరతో కంప్యూటర్ ఆగిపోతే ఒక రకంగా అదృష్టమే, లోపం బయటపడింది. ఆగకుండా తప్పు అంకె రాసుకుపోతేనే ప్రమాదం. ఆదిత్యపూర్‌లో వాహన విడిభాగాలు చేసే ఓ చిన్న పరిశ్రమలో డిజైన్ లెక్కలు వేసే యంత్రం ఒక్క బిట్ తప్పినా, అది ఎవరి కంటా పడకుండా డ్రాయింగ్‌లోకి చేరిపోవచ్చు. ప్రధాన సంఖ్యల వేటకోసం పుట్టిన ప్రైమ్95 అందుకే ఓవర్‌క్లాకర్లకు గీటురాయి అయింది. జవాబు ముందే తెలిసిన లెక్కలను అది గంటల తరబడి చేయించి, తేడా వస్తే వెంటనే పట్టేస్తుంది. విండోస్ ఈవెంట్ లాగ్‌లో హార్డ్‌వేర్ లోపాలు నమోదవుతున్నాయేమో చూడటమూ తప్పనిసరి.

కంపెనీలూ ఈ హద్దును తప్పుగా అంచనా వేయగలవని 2024లో రుజువైంది. ఇంటెల్ 13, 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో కొన్ని, ఎవరూ ఓవర్‌క్లాక్ చేయకపోయినా, నెలలు గడిచేకొద్దీ కుప్పకూలడం మొదలుపెట్టాయి. అధిక వోల్టేజీ, వేడి కలిసి కోర్‌లోని క్లాక్ సర్క్యూట్‌ను ముందుగానే అరగదీస్తున్నాయని కంపెనీ తేల్చింది. దిద్దుబాటు మైక్రోకోడ్ ఇచ్చి, వారంటీని మరో రెండేళ్లు పొడిగించింది. అయితే ఆ దిద్దుబాటు కొత్త నష్టాన్ని ఆపుతుందే తప్ప, అప్పటికే అరిగిపోయిన చిప్‌ను బాగుచేయలేదు.

రికార్డుల దారి వేరు. 2011లో ఏఎండీ ఎఫ్ఎక్స్ ప్రాసెసర్‌ను ద్రవ హీలియంతో చల్లబరిచి 8.429 గిగాహెర్ట్జ్‌కు చేర్చి గిన్నిస్‌లోకి ఎక్కించారు. అక్కడ కొద్దిసేపు నిలిస్తే చాలు. ఇంట్లో కంప్యూటర్ ఏళ్ల తరబడి నిలవాలి. కాబట్టి జంషెడ్‌పూర్‌లో ఓవర్‌క్లాక్‌కు సరైన పరీక్షా సమయం డిసెంబర్ రాత్రి కాదు, మే నెల మిట్టమధ్యాహ్నం. ఆ పూట తప్పు లేకుండా గట్టెక్కిన వేగమే అసలు వేగం. దానికన్నా మరో 100 మెగాహెర్ట్జ్ తక్కువగా స్థిరపడితే పోయేదేమీ లేదు. చేసిన పని మాత్రం దక్కుతుంది.