అమ్మా, నీ గుండెను కూడా ఒకసారి చూపించుకో

హృదయమును గూర్చి మనము ఎన్నో ప్రసంగాలు విన్నాము. ఈనాడు మాత్రం మీ రొమ్ము ఎముక వెనుక పిడికిలంత ఉండి, రాత్రింబగళ్లు ఆగక కొట్టుకునే ఆ కండరమును గూర్చి, ముఖ్యంగా మన అమ్మల, అక్కచెల్లెళ్ల గుండెను గూర్చి మాట్లాడాలని ఆశపడుతున్నాను.

కొన్ని సంవత్సరాల క్రితం సిరిసిల్ల ప్రాంతంలో యాభై దాటిన ఒక సహోదరి, ఆదివారం ఆరాధన ముగిసిన తర్వాత నా దగ్గరకు వచ్చింది. బీడీలు చేసి పిల్లలను పెంచిన తల్లి. "అయ్యగారూ, నాలుగు దినాల నుండి ఎదంతా బరువుగుంటున్నది, నాలుగడుగులేస్తే దమ్మొస్తున్నది. గ్యాసే కావచ్చు, ప్రార్థన చేయుండ్రి" అన్నది. నేను ప్రార్థన చేసి, "గ్యాస్ గోలీ వేసుకో అమ్మా" అని పంపించాను. బుధవారం రాత్రి ఆమెను కరీంనగర్ తీసుకుపోవలసి వచ్చింది. గుండెపోటు వచ్చి అప్పటికే కొన్ని దినాలైందని డాక్టర్లు చెప్పారు. దేవుని కృపను బట్టి ఆమె బ్రతికింది గాని గుండె బలహీనపడిపోయింది. చాట ఒడిలో పెట్టుకుని కూర్చునే శక్తి కూడా మిగల్లేదు.

ప్రియులారా, ఆనాడు ప్రార్థన చేయడం నా తప్పు కాదు. ప్రార్థన చేసి ఊరుకోవడం నా తప్పు. అపొస్తలుడైన పౌలుకు తోడుగా నిలిచిన లూకా వైద్యుడే కదా! వైద్యుని దగ్గరకు వెళ్లడం అవిశ్వాసము కాదు. ఆ తప్పు మీ ఇంట్లో జరగకూడదనే ఈ మాటలు చెబుతున్నాను.

స్త్రీల గుండె జబ్బు ఎందుకు దాగి ఉంటుంది?

గుండెపోటు అనగానే ఛాతీ పట్టుకుని కూలిపోయే మగమనిషి మన కళ్లముందు కనబడతాడు. స్త్రీలకు కూడా ఛాతీ నొప్పే ఎక్కువగా వచ్చే గుర్తు. అయితే దానితోపాటు, కొన్నిసార్లు అది లేకుండానే, ఆయాసము, చల్లని చెమటలు, వాంతి వచ్చినట్లుండడం, దవడలో గాని వీపులో గాని భుజంలో గాని నొప్పి, ఎన్నడూ లేనంత అలసట కనబడతాయి. వాటికి మనం గ్యాస్ అని, నీరసమని, వయసు అని, పని ఎక్కువైందని పేర్లు పెడతాము. ఇంటిల్లిపాది తిన్న తర్వాత తినే తల్లి, తన నొప్పిని కూడా చివరకే ఉంచుకుంటుంది.

మరొక సంగతి. కొందరు స్త్రీలకు గుండెకు రక్తము అందించే పెద్ద నాళాల్లో అడ్డు కనబడకపోయినా, సన్నని నాళాలు సరిగా పనిచేయక నొప్పి వస్తుంది. అందుచేత, "ఒక్క ఈసీజీ తీశారు, బాగానే ఉందన్నారు" అని నిశ్చింతగా ఉండకూడదు. నొప్పి లేని సమయంలో తీసిన ఈసీజీ మామూలుగా ఉన్నంత మాత్రాన జబ్బు లేదని చెప్పలేము.

ఎవరు ముందుగా జాగ్రత్తపడాలి?

డాక్టర్ సలీం యూసుఫ్ నాయకత్వములో 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అనే పరిశోధన ఫలితాలు 2004లో వెలువడ్డాయి. పొగాకు, చెడు కొవ్వు, బీపీ, షుగర్, పొట్ట చుట్టూ కొవ్వు, మనోవేదన, పండ్లు కూరగాయలు తక్కువ తినడం, వ్యాయామము లేకపోవడం, మద్యము అనే తొమ్మిది సంగతులే మొదటి గుండెపోటు ముప్పులో స్త్రీలలో నూటికి 94 వంతులకు కారణమని అది తేల్చింది. బీపీ, షుగర్ పురుషులకంటే స్త్రీల గుండెకు ఎక్కువ హాని చేస్తున్నాయని కూడా చూపింది. మన దక్షిణాసియా వారికి గుండెపోటు ఇతరులకంటే కొన్ని సంవత్సరాలు ముందే వస్తున్నదని కూడా ఆ పరిశోధన తెలిపింది. ఇది భయపెట్టే మాట మాత్రమే కాదు, నిరీక్షణ గల మాట కూడా. ఎందుకంటే ఆ తొమ్మిదింటిలో చాలావరకు మార్చుకోగలిగినవే.

వీటికి తోడు స్త్రీలకు మాత్రమే సంబంధించిన సంగతులు మూడున్నాయి. మొదటిది, కాన్పు సమయంలో బీపీ గాని షుగర్ గాని వచ్చినవారు. పిల్ల పుట్టగానే అది తగ్గిపోయిందని మరచిపోతాము, కాని అలాంటి తల్లికి ముందుముందు గుండె జబ్బు వచ్చే అవకాశము ఎక్కువ. రెండవది, ముట్లు త్వరగా ఆగిపోయినవారు. మూడవది, చిన్న వయసులోనే గర్భసంచి తీయించుకున్నవారు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఈ ఆపరేషన్ ఎక్కువగా జరిగిన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ముందు వరుసలో ఉన్నాయి. గర్భసంచితోపాటు అండాశయాలు కూడా తీసివేస్తే, గుండెకు కాపుదలగా ఉండే ఈస్ట్రోజెన్ హార్మోను ఒక్కసారిగా తగ్గిపోతుంది. కాబట్టి మీకు ఈ మూడింటిలో ఏది జరిగినా, డాక్టరు అడగకపోయినా మీరే చెప్పండి.

సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల ప్రాంతాల్లో వేలాదిమంది సహోదరీలు బీడీలు చుట్టి కుటుంబాలను పోషిస్తున్నారు. బీడీ తాగకపోయినా పొగాకు దుమ్ము ఊపిరితోను, చేతి చర్మము ద్వారాను లోపలికి పోతుంది. పైగా గంటల తరబడి కదలకుండా కూర్చునే పని. గంటకొకసారి లేచి నాలుగడుగులు నడవండి, తినేముందు చేతులు సబ్బుతో కడుక్కోండి. మగ్గాల దగ్గర గాని ఇంట్లో గాని భర్త బీడీ కాల్చితే ఆ పొగ మీ గుండెకు కూడా తగులుతుందని ఆయనతో చెప్పండి. ఇక తొక్కులోను, పచ్చళ్లలోను ఉప్పు ఎంత పోస్తామో మీకే తెలుసు. అన్నీ కలిపి మనిషికి రోజుకు 5 గ్రాములు, అనగా ఒక చిన్న చెంచాడు ఉప్పు దాటవద్దన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా.

ఎప్పుడు, ఎక్కడికి వెళ్లాలి?

2022లో ప్రభుత్వము హెల్త్ ప్రొఫైల్ కార్యక్రమాన్ని ప్రయోగాత్మకంగా మొదలుపెట్టినప్పుడు ఎన్నుకున్న రెండు జిల్లాల్లో ములుగుతోపాటు మన రాజన్న సిరిసిల్ల ఒకటి. ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికి వచ్చి 18 సంవత్సరాలు నిండినవారికి బీపీ, షుగర్ చూశారు. ఆనాడు మీకు ఏమి చెప్పారో జ్ఞాపకమున్నదా? "బీపీ కొంచెం ఎక్కువున్నది" అని చెప్పినా, నొప్పి లేదు కదా అని విడిచిపెట్టలేదు కదా? బీపీ నొప్పి పెట్టదు. మౌనంగా నాళాలను పాడుచేస్తుంది. 30 సంవత్సరాలు నిండినవారు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రములో బీపీ, షుగర్ పరీక్షలు చేయించుకోవచ్చు. అదే మొదటి మెట్టు.

రెండవ మెట్టు గుండె నిపుణుడు, అనగా కార్డియాలజిస్టు. బీపీ 140/90 దాటి మందులకు లొంగకపోయినా, షుగర్ ఎన్నో ఏళ్లుగా ఉన్నా, తల్లిదండ్రులకు గాని తోబుట్టువులకు గాని చిన్న వయసులో గుండెపోటు వచ్చినా, నడిస్తే ఆయాసమో ఛాతీ బరువో ఉన్నా, మీ డాక్టరును అడిగి ఆయన దగ్గరకు వెళ్లండి. ఆయన మొదట చేసేది మాట్లాడడమే. కుటుంబ చరిత్ర, కాన్పులు, ముట్లు, మందులు అడుగుతాడు. తర్వాత రక్తములో కొవ్వు, షుగర్ పరీక్షలు, ఈసీజీ. అవసరమైతే గుండె కవాటాలు, కండరము ఎలా ఉన్నాయో చూపే ఎకో స్కాను, పట్టాపై నడిపించి చేసే టీఎంటీ పరీక్ష. వీటిలో కోత ఏమీ లేదు. అన్నీ అందరికీ అవసరము కావు కూడా. చాలామందికి ఒక మాత్ర, రోజుకు అరగంట నడక, ఉప్పు, నూనె తగ్గించుకోవడమే చికిత్స.

"ఖర్చు ఎక్కడిది?" అంటారేమో. జబ్బు ముదిరితే అయ్యే ఖర్చు అంతకంటె పెద్దది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ క్రింద గుండె ఆపరేషన్లు, స్టెంట్లు ఉన్నాయి. తెలంగాణలో 2023 డిసెంబరులో దాని పరిమితి 10 లక్షల రూపాయలకు పెరిగింది. అది జబ్బు వచ్చిన తర్వాత ఆదుకునే చెయ్యి. రాకుండా చూసుకోవడం మన చేతిలో పని.

గుండెపోటు గుర్తులు కనబడితే మాత్రం ఇవేవీ ఆలోచించవద్దు. తెల్లవారే వరకు ఆగవద్దు, సోడా తాగి చూద్దామనవద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి. మొదటి గంటల్లో చికిత్స అందితే గుండె కండరము మిగులుతుంది.

సహోదరులారా, చివరి మాట మీకే. మీ బండి సర్వీసింగు తేదీ మీకు జ్ఞాపకముంటుంది. మీ భార్యకు, మీ తల్లికి బీపీ ఎంతో మీకు తెలుసా? ఈ పత్రిక ప్రక్కన పెట్టి వెళ్లి అడగండి. ఆమె "నాకేమైతది, బాగానే ఉన్న" అంటుంది. ఆ మాట నమ్మకండి. ఈ వారమే తోడుండి తీసుకువెళ్లండి. ఇంటివారందరి కొరకు ప్రార్థించే ఆ తల్లి కొరకు మీరు ప్రార్థన చేయండి. చేసి, ఆస్పత్రికి బయలుదేరండి. దేవుడు మిమ్మును, మీ ఇంటివారిని ఆరోగ్యముతో కాపాడును గాక. ఆమేన్.