డి.జె. డబ్బాలో మోగే డప్పు ఎవరిది?

డి.జె.లకు వినైల్ రికార్డు మంచిదా, డిజిటల్ పాట మంచిదా అని సంగీతం తెలిసినవాళ్లు చాలాకాలంగా వాదించుకుంటున్నారు. రికార్డులో నాదం నిండుగా ఉంటుందని ఒకరు, డిజిటల్‌లో చప్పుడు శుభ్రంగా ఉంటుందని మరొకరు. ఈ వాదనలో చెవి గురించి మాట్లాడతారు తప్ప చేతి గురించి మాట్లాడరు. ఆ యంత్రం ఎవరి చేతికి అందింది, అందులో మోగే వాద్యం ఎవరి చేతిది అన్నవి మా ప్రశ్నలు. వినాయక నిమజ్జనం ఊరేగింపులు మొజంజాహి మార్కెట్ దాటి ఆబిడ్స్ మీదుగా హుస్సేన్‌సాగర్‌కు పోయే దారిలో, నాంపల్లి బస్తీల బోనాల్లో, బరాత్‌లలో, అంబేడ్కర్ జయంతి ర్యాలీల్లో ఈ ప్రశ్నలు గట్టిగానే వినిపిస్తాయి.

యంత్రం సంగతి

రికార్డు అంటే చప్పుడును గాడిగా కోసిన పళ్లెం. గొంతు గాలిని ఎట్లా కదిలించిందో గాడి అట్లాగే వంకర్లు తిరుగుతుంది. సూది ఆ వంకర్ల వెంట పోతూ మళ్లీ ఆ చప్పుడునే పుట్టిస్తుంది. 1948లో వినైల్ ఎల్.పి. రాకముందు ఈ పళ్లేలను ప్రధానంగా లక్కతో చేసేవారు. ఆ లక్కను చెట్ల కొమ్మల నుంచి గీకి తీసింది చోటా నాగపూర్ వంటి ప్రాంతాల ఆదివాసులు. పళ్లెం మీద కంపెనీ పేరు, పాడినవాళ్ల పేరు ఉంటాయి. లక్క తీసినవాళ్ల ఊసే ఉండదు.

డిజిటల్ పద్ధతి వేరు. చప్పుడును సెకనుకు వేల సార్లు, సి.డి. లెక్కలో 44,100 సార్లు, కొలిచి అంకెలుగా రాసిపెడతారు. గాడికి నకలు తీయాలంటే ఫ్యాక్టరీ కావాలి. అంకెలకు నకలు తీయాలంటే ఫోను చాలు. నాదంలో తేడా కంటే ఈ తేడాయే మాకు ముఖ్యం.

వినైల్ పుట్టుకతోనే ధనికుల వస్తువు అని మేము అనడం లేదు. హిప్‌హాప్ పుట్టుకను 1973 ఆగస్టు 11న న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో జరిగిన ఒక పార్టీ నుంచి లెక్కిస్తారు. అక్కడ పాటలు వేసింది జమైకాలో పుట్టిన కూల్ హెర్క్ అనే నల్లజాతి యువకుడు. ఒకే రికార్డు రెండు ప్రతులను రెండు టర్న్‌టేబుళ్ల మీద పెట్టి, డ్రమ్ము ఒంటరిగా మోగే ముక్కనే తిప్పి తిప్పి వినిపించే పద్ధతికి అతనే ఆద్యుడంటారు. పాట వినడానికి కంపెనీ చేసిన యంత్రాన్ని పేద నల్ల పిల్లలు వాద్యంగా మార్చారు. అంతకు ఏడాది ముందే, 1972లో, బొంబాయిలో మనవాళ్లు బ్లాక్ పాంథర్ల స్ఫూర్తితో దళిత్ పాంథర్స్ పెట్టారు. పోరాటం పేరు సముద్రం దాటి వచ్చింది గానీ టర్న్‌టేబుల్ రాలేదు. గ్రామఫోను ఉన్న ఇల్లు మన వాడల్లో ఎక్కడుంది?

బస్తీకి అందిన చప్పుడు

కింది కులాల గొంతు విస్తారంగా యంత్రంలోకి ఎక్కింది క్యాసెట్‌తోనే. గద్దర్ పాటలు క్యాసెట్లలో ఊరూరా తిరిగినయి. ఆ తర్వాత మెమరీ కార్డు, పెన్‌డ్రైవ్ వచ్చినయి. ఆబిడ్స్ జగదీష్ మార్కెట్‌లో సెల్‌ఫోను కొనుక్కోగలిగిన పిల్లగాడికి పాటల పెట్టె కూడా దొరికినట్టే. ఒక పాత కంప్యూటర్, ఎఫ్.ఎల్. స్టూడియో వంటి సాఫ్ట్‌వేర్, ఇంత పెట్టుబడితోనే బస్తీ పోరగాళ్లు డి.జె.లైండ్రు. తీన్మార్ మిక్స్, చాటల్ బ్యాండ్ మిక్స్, రోడ్‌షో మిక్స్ అని పేర్లు పెట్టుకున్నరు. దీనికి గురువు కాళ్లు మొక్కే పని లేదు, సంగీత కళాశాలలో సీటూ అక్కర్లేదు.

ఈ తీన్మార్ ఎక్కడిదో కూడా గుర్తుంచుకోవాలి. హైదరాబాద్ మర్ఫా నిజాం సైన్యంలో పనిచేసిన అరబ్బులు, ఆఫ్రికా సిద్దీలు తెచ్చిన వాద్యం. నాంపల్లికి దగ్గర్లోని ఏ.సి. గార్డ్స్ పేరులో ఆ ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ ఇంకా ఉన్నారు. అంటే బరాత్‌లో మనం ఎగిరేది సిపాయిల దరువు, మాదిగల డప్పు కలిసిన చప్పుడుకు.

పేరు లేని దరువు

చిక్కంతా ఇక్కడే ఉంది. డప్పు మోగాలంటే తోలును మంట మీద కాచాలి, ఒక చేత చిర్ర, ఇంకో చేత సిటికెన పుల్ల పట్టాలి. పదిమంది కలిస్తేనే మేళం, పదిమందికీ కూలి గిట్టాలి. డిజిటల్‌లో కొన్ని సెకన్ల దరువు ఒక్కసారి రికార్డు చేస్తే చాలు, ఊరేగింపు పొడుగునా అదే తిరుగుతది. దీన్ని లూపు అంటరు. ఆ దరువు కొట్టిన చేయి ఏ ఊరిదో, ఆ మనిషి పేరేందో ఫైలు మీద ఉండదు.

ఇది మన ఒక్కరి గోస కాదు. 1969లో ద విన్‌స్టన్స్ బృందం చేసిన 'ఆమెన్, బ్రదర్' పాటలో గ్రెగరీ కోల్మన్ అనే నల్ల డ్రమ్మరు ఆరేడు సెకన్లు ఒంటరిగా వాయించాడు. ఆ ముక్కను తర్వాత వేల పాటల్లో వాడుకున్నారు. కోల్మన్ దాని మీద రాయల్టీ ఏమీ అందకుండానే, నిలువ నీడ లేకుండా 2006లో చనిపోయాడు.

అట్లాగని 'యంత్రం వచ్చి మన కళను చంపింది, మళ్లీ డప్పు పట్టండి' అనే పెద్దల మాటకు మేము తలూపం. డప్పు మాదిగలకు కళే గానీ, ఊరి చావుకూ జాతరకూ చాటింపుకూ కొట్టక తప్పని వెట్టి కూడా అదే. 1994 జులై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మొదలైన దండోరా ఉద్యమం ఆ వెట్టి డప్పును హక్కుల డప్పు చేసింది. కొట్టాలా వద్దా అన్నది కొట్టేవాడి ఇష్టం కావాలి. కొడితే కూలీ పేరూ రెండూ దక్కాలి.

చట్టం పూర్తిగా మూగది కాదు. కాపీరైట్ చట్టానికి 1994లో చేసిన సవరణ ప్రదర్శించే కళాకారుల హక్కులను మొదటిసారి గుర్తించింది. 2012 సవరణ రాయల్టీ హక్కును, ప్రదర్శించింది తానేనని పేరు చెప్పించుకునే హక్కును చేర్చింది. కానీ అడగాలంటే ఎవరు వాయించారో తెలిపే కాగితం ఉండాలి. మనవాళ్ల దగ్గర లేనిది ఆ కాగితమే.

2024 అక్టోబర్ 1న హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డి.జె.లను నిషేధించారు. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటరాదు. ఇరుకు గల్లీల్లో ముసలివాళ్లు, పసిపిల్లలు పడే బాధ నిజమే, ఆ బాధ కూడా బస్తీదే. డబ్బాల మోతను మేము సమర్థించడం లేదు. అయితే తలుపులు బిగించిన క్లబ్బులో వినైల్ తిప్పేవాడు కళాకారుడు, రోడ్డు మీద పెన్‌డ్రైవ్ పెట్టేవాడు న్యూసెన్స్ అనే కొలత ఎక్కడిదని అడుగుతున్నాం. చప్పుడును బయటికి పోనీయని గోడలు కూడా ఆస్తే.

కార్యకర్తలు, విద్యార్థులు, ఉపాధ్యాయులు వెంటనే మొదలుపెట్టగల పని ఒకటుంది. ఊరికి పోయినప్పుడు డప్పు మేళాన్ని ఫోనులో రికార్డు చేయండి. దరువు పేరు, కొట్టినవాళ్ల పేర్లు, ఊరు, తేదీ అడిగి ఫైలు పేరులోనే రాయండి. ఎవరు వాడుకోవచ్చో, ఎంత ఇవ్వాలో కాగితం మీద రాసి, ఒక ప్రతి వాళ్లకే ఇవ్వండి. డి.జె. తమ్ముళ్లు ప్రతి మిక్స్‌లో పాట మధ్య తమ పేరు అరిపిస్తరు. ఆ పక్కనే డప్పు కొట్టిన అన్న పేరు కూడా అరిపించమని వాళ్లను అడుగుతున్నాం.