మూర్ఛను పోలిన మూర్ఛలు – వైకల్య బీమా

మనిషి స్పృహ తప్పి, కాళ్ళు చేతులు కొట్టుకొంటూ పడిపోతాడు. చూచేవారికది మూర్ఛరోగమే. కాని ఆ క్షణాన వీడియోతోపాటు తీసిన ఇ.ఇ.జి.లో మూర్ఛకు గుర్తయిన విద్యుత్ తరంగాలు కనిపించవు. వీటిని ఫంక్షనల్ మూర్ఛలంటారు. ఇవి నటన కావు, రోగి అదుపులోనూ ఉండవు. మూర్ఛమందులు వీటిని ఆపలేవు.

సింగపూరులో 2020 అక్టోబరులో ఆరంభమైన కేర్‌షీల్డ్ లైఫ్ బీమాకు వ్యాధి పేరు ముఖ్యం కాదు. స్నానం, దుస్తులు ధరించడం, భోజనం, మరుగుదొడ్డి వాడకం, నడక, మంచం నుండి కుర్చీకి మారడం - ఈ ఆరింటిలో కనీసం మూడు మరొకరి సహాయం లేనిదే చేయలేని స్థితి ఉండాలి. (పౌరులకు, శాశ్వత నివాసులకే ఈ పథకం, ఉద్యోగ పాసుపై ఉన్నవారికి వర్తించదు.)

చిక్కంతా ఇక్కడే. పరీక్ష జరిగే గంటలో రోగి తన చొక్కా తానే తొడుక్కోగలడు. ఆ మనిషే ఒంటరిగా స్నానాల గదిలోకి వెళితే తల పగలవచ్చు. పడతాడేమోనని పక్కన కాపలా ఉండడం వేరు, చేయి పట్టి చేయించడం వేరు. కొలమానం ప్రధానంగా చూచేది రెండవదానినే. వచ్చిపోయే జబ్బుకు ఈ కొలబద్ద సరిగా అమరదన్నది నిజం.

కనుక నాడీవైద్యుని నిర్ధారణ పత్రం ఒక్కటే చాలదు. దాడి ఎప్పుడు వచ్చినది, ఎంతసేపున్నది, ఆపైన ఎన్ని గంటలు ఏ పని ఎవరు చేయించవలసి వచ్చినది తేదీలతో వ్రాసిన పుస్తకం పరీక్షించే వైద్యుని ముందుంచాలి.