ఏడుకొండల రంగులు

మా కుటుంబం సేలంలో స్థిరపడి ఐదు తరాలైంది. ఇంట పెళ్ళి జరిగినా, బిడ్డకు పుట్టువెంట్రుకలు తీయించాలన్నా తిరుమలకు పోవడం మా వాడుక. నేనే యాభైసార్లకు తక్కువ కాకుండా కొండ ఎక్కి ఉంటాను. అయినా ఆ కొండను ఒక్కసారైనా సరిగా చూడలేదని మొన్నటి యాత్రలో తెలిసింది. తెలియజెప్పినవాడు తొమ్మిదేళ్ళ మనుమడు.

దర్శనమై బస్సులో దిగుతున్నాము. కిటికీ పక్కన కూర్చున్న పిల్లవాడు, "తాతా, కొండ కింద బూడిదరంగు, పైన ఎరుపు. ఎందుకట్లా?" అన్నాడు. "అంతా స్వామి లీల" అని తప్పించుకోబోయినాను. వాడు వదలలేదు. ఇల్లు చేరినాక తెలిసినవారిని అడిగి, నాలుగు పుస్తకాలు తిరగవేసి తెలుసుకొన్నది చదువరులకు మనవి చేస్తున్నాను.

కింది బూడిదరంగు రాయి గ్రానైటు జాతిది. భూమి లోతున కరిగిన రాయి మెల్లగా చల్లారి గట్టిపడింది. దాని వయస్సు దాదాపు 250 కోట్ల సంవత్సరాలు. తరువాత దాని పగుళ్ళలోకి మళ్ళీ కరిగిన రాయి చొరబడి గడ్డకట్టింది. అవే అక్కడి నల్లని చారలు. పైని ఎర్రరాయి కథ వేరు. అది ఒకప్పటి ఇసుక. నీటి అడుగున పొరమీద పొరగా పేరుకొని, బరువుకు నలిగి, రేణువులు ఒకదానికొకటి అతుక్కొని ఉక్కులాంటి క్వార్ట్‌జైటు అయింది. అందులోని ఇనుము తుప్పే దానికి ఎరుపు, గులాబి వన్నెలు తెచ్చింది. దీని వయస్సు సుమారు 160 కోట్లు. అప్పటికి నేలమీద గడ్డిపోచ కూడా మొలవలేదు!

ఆ రెండు రాళ్ళు కలిసేచోటే అసలు వింత. అడుగునున్న గ్రానైటు పైకి తేలాలంటే దానిమీది రాయంతా వానకూ గాలికీ అరిగిపోవాలి. ఆ అరుగుదలకే యుగాలు పట్టినాయి. కరణంగారి లెక్కల పుస్తకంలో నడిమి పుటలు చినిగిపోయినట్లు, అంత కాలానికీ అక్కడ రాతి సాక్ష్యం లేదు. ఆ పోయిన కాలం, లెక్కవేసేవారినిబట్టి, 50 కోట్లనుంచి 80 కోట్ల సంవత్సరాలు. కంటికి కనబడేది మాత్రం ఒక గీత. ఘాట్ రోడ్డు పక్కన కనబడే ఆ సంధిని భారత భూవిజ్ఞాన సర్వేవారు జాతీయ స్మారకంగా గుర్తించినారు. తిరుమల కొండలు 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకు కూడా ఎక్కినాయి.

గుడికి కిలోమీటరు దూరాన ఉన్న శిలాతోరణమూ ఈ క్వార్ట్‌జైటే. మెత్తని భాగాలు అరిగిపోగా గట్టివి నిలిచి, సుమారు 8 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు తోరణమైంది. అరుగుదల నేటికీ ఆగలేదు. ఈ రాయి గట్టిదే గాని, పగుళ్ళు జాస్తి. వాననీరు ఆ పగుళ్ళలో దిగి బండలను వదులు చేస్తుంది. 2021 డిసెంబరు 1న ఎక్కే దారిమీద పెద్ద బండలు విరిగిపడడం చాలామందికి జ్ఞాపకముండవచ్చు.

ఇదంతా మనుమడికి చెబుతుంటే మా అక్కయ్యకు కోపం వచ్చింది. "ఆదిశేషుని ఒడలిని పట్టుకొని ఇసుక అంటావా, తుప్పు అంటావా? పిల్లవాడి భక్తి చెడగొట్టకు!" అన్నది. నాకూ మనసు చివుక్కుమన్నది. కాసేపాగి, "అక్కయ్యా, స్వామి నిలవడానికి ఎంచుకొన్న చోటు ఎంత పాతదో చెబుతున్నానేగాని, తక్కువ చేయడంలేదు" అన్నాను. ఆమె బదులు పలకలేదు.

మళ్ళీ ఆరు నెలలకు అందరమూ కొండకు పోయినాము. తిరుగు బస్సు ఎక్కగానే అక్కయ్య మనుమణ్ణి పక్కకు జరిపి, తానే కిటికీ దగ్గర కూర్చున్నది.

"ఆ గీత వచ్చినప్పుడు చెప్పరా" అన్నది వాడితో.