లివర్ క్యాన్సర్: ఆపరేషన్ తర్వాత మళ్లీ వస్తుందా? గుట్టు కణితిలో లేదు.. పక్కనే ఉంది!

లివర్ క్యాన్సర్‌కు ఆపరేషన్ అయింది. కణితి మొత్తం తీసేశామని డాక్టర్లు చెప్పారు. అయినా ఇంట్లో అందరికీ ఒకటే భయం.. మళ్లీ వస్తుందా? పేషెంట్ ఎన్నాళ్లు బతుకుతారు? జన్యువులను చూసి దీన్ని ముందే అంచనా వేయొచ్చా అని సైంటిస్టులు వెతికారు. జవాబు మాత్రం ఎవరూ ఊహించని చోట దొరికింది.

జీన్ ఎక్స్‌ప్రెషన్ అంటే?

శరీరంలో దాదాపు అన్ని కణాల్లోనూ ఉండే జన్యువులు ఒకటే. కానీ ఏ కణంలో ఏ జన్యువు ఎంత పనిచేస్తుందనేది మారుతుంటుంది. జన్యువు పనిచేస్తే ఆర్‌ఎన్‌ఏ తయారవుతుంది. అది ఎంత ఉందో కొలిస్తే ఆ జన్యువు ఎంత చురుగ్గా ఉందో తెలిసిపోతుంది. ఇదే జీన్ ఎక్స్‌ప్రెషన్ పరీక్ష.

307 మంది శాంపిల్స్

2008లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఓ కీలక స్టడీ వచ్చింది. అమెరికాలోని బ్రాడ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన యుజిన్ హోషిదా, టాడ్ గోలబ్ తదితరులు 307 మంది పేషెంట్ల శాంపిల్స్‌ను పరిశీలించారు. ఇవన్నీ ఆపరేషన్ తర్వాత ఫార్మలిన్, మైనంలో దాచిపెట్టిన ముక్కలు. కొన్నైతే 24 ఏళ్ల నాటివి. అయినా 90 శాతం శాంపిల్స్‌లో పరీక్ష సక్సెస్ అయింది. 6 వేలకు పైగా జన్యువులను చూశారు.

అసలు ట్విస్ట్ ఇక్కడే. కణితిలోని జన్యువులకూ, పేషెంట్ ఆయుష్షుకూ గట్టి సంబంధం కనిపించలేదు. చుట్టూ ఉన్న క్యాన్సర్ లేని కాలేయంలో మాత్రం స్పష్టంగా కనిపించింది! 82 మంది జపాన్ పేషెంట్లలో 186 జన్యువుల తీరును గుర్తించి, అమెరికా, యూరప్‌లకు చెందిన మరో 225 మందిలో సరిచూశారు. అక్కడా నిజమని తేలింది.

ఎందుకిలా?

హెపటైటిస్ బి, సి, మద్యం వల్ల చాలామందిలో కాలేయం మొత్తం ముందే దెబ్బతిని ఉంటుంది. పొలంలో ఒక కలుపు మొక్క పీకేసినా, నేలలో విత్తనాలుంటే మళ్లీ మొలుస్తుంది కదా.. ఇదీ అంతే. సాధారణంగా రెండేళ్లలోపు తిరిగొచ్చేది పాత కణితి తాలూకు క్యాన్సర్. ఆ తర్వాత వచ్చేది చాలావరకు దెబ్బతిన్న కాలేయంలో కొత్తగా పుట్టేదే.

మనం ఏం చేయాలి?

ఈ పరీక్ష రిస్క్ ఎక్కువా, తక్కువా అనే చెబుతుంది. ఎవరి తలరాతనూ తేల్చేయదు. అన్ని ఆస్పత్రుల్లో మామూలుగా చేసే టెస్ట్ కూడా కాదు. కానీ అసలు పాఠం అందరికీ వర్తిస్తుంది. కణితి పోయింది కదా అని చెకప్‌లు మానేయొద్దు. హెపటైటిస్ ఉంటే మందులు వాడాలి, మద్యం పూర్తిగా మానేయాలి. సిర్రోసిస్ ఉన్నవాళ్లు డాక్టర్ సలహాతో 6 నెలలకోసారి అల్ట్రాసౌండ్ చేయించుకోవాలి. కణితిని డాక్టర్లు తీసేస్తారు.. మిగిలిన కాలేయాన్ని కాపాడుకోవాల్సింది మాత్రం మనమే.