పంజరమునకు వచ్చిన ప్రాణులు

మన కడప, కర్నూలు మండలములు చెన్నరాజధానిలో నుండిన కాలమున ఆ నగరమందలి జంతుశాల యెట్లు నిండెనో వినుఁడు. 1855లో ఎగ్మూరు మ్యూజియమునకు అధికారియగు ఎడ్వర్డు బాల్ఫరు దొర, కర్ణాటక నవాబుగారిని సమ్మతింపఁజేసి వారి మృగములను దానముగాఁ బడసెను. మఱుసటి యేఁటికి 300లకుఁ బైగా మృగపక్షిసర్పములు చేరెను. అవి 1863లో పీపుల్సు పార్కునకుఁ దరలెను. లండను జంతుశాలకును 1850లో ఐగుప్తుపాలకుఁడు నీటిగుఱ్ఱపుఁబిల్ల నిట్లే కానుకగాఁ బంపెను. దారి పొడవునను దానికి ఆవుపాలు పట్టిరి.

కానుక యనినను మొదట నెవరో యడవిలోఁ బట్టినదే కదా! పట్టువడిన ప్రాణి యెల్లప్పుడు బ్రదుకదు. 1848లో శాస్త్రగ్రంథముల కెక్కిన మన కలివికోడి, 1900 తరువాతఁ గానరాక, 1986లో కడప మండలమందలి రెడ్డిపల్లె చెంత మరల దొరకెను. రాత్రివేళఁ బట్టిన యా పక్షి బ్రదుకలేదు. 1988లో లంకమల యడవిని అభయారణ్యముగాఁ బ్రకటించిరి. ఈ పక్షికిఁ బంజరముకంటె ముండ్లపొదల బీడే రక్ష. వంటచెఱకుకై యా పొదలను నఱికినచో దాని యిల్లే పోవును. బిడ్డలకుఁ బంజరములోని ప్రాణిని జూపునపుడు, దాని పుట్టినిల్లెచ్చటనో కూడఁ జెప్పుదము.